రాకెట్టు వెనుక కలము, కండె

ఈ సంచికకు ఏదైనను ఒక చరిత్రవ్యాసము వ్రాసి ఇమ్మని కార్యవర్గమువారు అడిగినప్పుడు మన ఎమ్మిగనూరు చరిత్రమే వ్రాయుదమని మొదట తలచితిమి. కాని మన సంఘపు హాలులో జరిగిన ఒక చిన్న సంగతి మా ఆలోచనను వేరొక దారికి మరల్చినది. ఆ దారి చంద్రమండలము దాక పోయి, తిరిగి ఎమ్మిగనూరుకే వచ్చి చేరినది. అది ఎట్లో మనవి చేసికొందుము.

2023 ఆగస్టు 23వ తేదీ సాయంకాలము చంద్రయాన్-3 చంద్రునిపై దిగుట చూచుటకై మనవారు చాలమంది హాలులో కూడిరి. నౌక దిగినదన్న మాట వినగానే చప్పట్లు మారుమ్రోగినవి. మిఠాయి పంచిరి. ఆ సందడిలో ఒక మూల కూర్చున్న కుర్రవానిని చూచి, మన పెద్దలలో ఒకరు, "ఏం అబ్బీ, నువ్వూ పెద్దోడివై రాకెట్లు ఇడిసిపెడతావా?" అని నవ్వుచు అడిగిరి. వాడు తల వంచుకొని, "నాకు లెక్కలు రావు తాతా. నేను తీసుకున్నది కామర్సు. నాకు అక్కడ పనేముంటాది?" అనెను. వాని తండ్రి ప్రక్కనే ఉండి, "వీనికి అంత తలకాయ యాడిది? వీడు గుమాస్తా పనికే" అని ఒక మాట విసరెను. కుర్రవాని ముఖము చిన్నబోయినది.

గుమాస్తా అన్న మాట మాకును కొంచెము తగిలినదని దాచనేల? మేమును రైల్వేలో కలము పట్టి బ్రతుకుచున్నవారమే. కాని మేము నోరు తెరచులోపలనే ఆ పెద్దాయన అందుకొనిరి. ఆయన చిన్ననాట ఎమ్మిగనూరులో మగ్గము మీద కూర్చున్నవారు. "మగ్గం మీద కూర్చున్నోడు ఒక్కడే సీర నేస్తాడా నాయనా? ఆసు పోసేదెవరు? పడుగుకు గంజి పెట్టేదెవరు? కండెలు సుట్టేదెవరు? నూలు తెచ్చి లెక్క రాసేదెవరు?" అనిరి. తండ్రి మారుమాటాడలేదు.

ఆ ప్రశ్నకు చరిత్రలో దొరకిన సమాధానములను మా శక్తికొలది ఏర్చి కూర్చినదే ఈ వ్యాసము.

ఎమ్మిగనూరు చెప్పిన పాఠము

మన ఊరు పూర్వము బళ్ళారి జిల్లా ఆదోని తాలూకాలోనిది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు బళ్ళారి పట్టణము అప్పటి మైసూరు రాష్ట్రమునకు పోగా, ఆదోని తాలూకా మనకు మిగిలి కర్నూలు జిల్లాలో చేరినది. జిల్లా మారినను మగ్గముల చప్పుడు మారలేదు. అక్కడి మగ్గములు చాల కాలముగా ప్రసిద్ధములు. అయినను నేతగాని కడుపు ఏనాడును నిండలేదు. నేర్పు లేక కాదు. నూలు ధర షావుకారు చేతిలో ఉండెను. గుడ్డ ధరయు అతని చేతిలోనే ఉండెను. నడుమ మిగిలినది నేతగాని నడుమునొప్పి.

1938లో ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘము వెలసినది. దానికి ప్రాణము పోసినవారు పద్మశ్రీ మాచాని సోమప్పగారు. ఆ సంఘము నేతగానికి క్రొత్తగా నేత నేర్పలేదు. నేత అతనికి తాతలనాటి నుండి వచ్చును. సంఘము నేర్పినది నూలు టోకున కొనుట, పంచుట, తూచి పుచ్చుకొనుట, గుడ్డ అమ్ముట, పైకమును ప్రతి ఒక్కని పేర వ్రాసియుంచుట. అనగా కలము పని. ఆ కలము పనియే మగ్గము పనిని నిలబెట్టినది. ఎమ్మిగనూరు దుప్పటి, చీర దూరదేశములలో పేరు తెచ్చుకొనుటకు నాడెతోపాటు జమాఖర్చుల పుస్తకమును కారణము.

ఈ పాఠమును మనస్సునందుంచుకొని రాకెట్ల కథకు వచ్చెదము.

చంద్రుని దారికి నేతపని

1969 జూలైలో అమెరికావారి అపోలో-11 నౌకలో ఇద్దరు మనుష్యులు చంద్రునిపై అడుగు పెట్టిరి. వారి పేర్లు బడిపిల్లలకు తెలియును. కాని ఆ ప్రయాణమును సాధ్యము చేసిన సంస్థను 1961 నుండి 1968 వరకు నడిపిన జేమ్స్ వెబ్ గారు ఇంజనీరు కారు, శాస్త్రజ్ఞులు కారు. న్యాయవాదవృత్తి చదివి, ప్రభుత్వపు లెక్కలలోను, పరిపాలనలోను ఆరితేరినవారు. పార్లమెంటువంటి వారి కాంగ్రెసు సభను ఒప్పించి సంవత్సర సంవత్సరము పైకము తెచ్చుట ఆయన పని. పైకము లేక ఏ రాకెట్టును లేవదు. 2021 డిసెంబరు 25వ తేదీన ఆకాశమునకు పంపిన మహాదూరదర్శినికి పెట్టినది ఈ వకీలుగారి పేరే.

అపోలో-11 బయలుదేరునప్పుడు లోకమంతయు విన్న గొంతు జాక్ కింగ్ అను నాతనిది. ఆయన అంతకుముందు వార్తాసంస్థలో విలేఖరి. క్షణములు లెక్కబెట్టుచు, కోట్లమంది జనులకు అర్థమగు మాటలలో జరుగుచున్నది చెప్పుట ఆయన ఉద్యోగము.

మా ఎమ్మిగనూరువారి చెవిని వేయవలసిన సంగతి ఇంకొకటి గలదు. చంద్రునిపై నడచినవారు తొడిగిన దుస్తులను కుట్టినది యుద్ధవిమానములు చేయు కంపెనీ కాదు. స్త్రీల లోదుస్తులు, పసిపిల్లల లాగులు చేయు కంపెనీవారి శాఖ ఒకటి డెలవేర్ రాష్ట్రములోని డోవరు పట్టణమున ఆ పని చేసినది. కుట్టినవారు మామూలు కుట్టుమిషనులపై పని నేర్చిన ఆడువారు. ఎలినార్ ఫోరేకర్ అను నామె పసిపిల్లల లాగులు కుట్టు వరుస నుండి వచ్చి, ఈ దుస్తులు కుట్టువారికి పెద్దగా నిలచినది. ఇరువదియొక్క పొరల గుడ్డను వెంట్రుకవాసి తేడా లేకుండ కుట్టవలెను. గుండుసూది ఒక్కటి లోన మరచిపోయినను, గాలి లేని చోట మనిషి ప్రాణము పోవును. కనుక సూదులను లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి పుచ్చుకొనెడివారు.

నౌకకు దారి చూపిన గణనయంత్రము కథ ఇంకను వింత. దానిలో మారని ఆదేశములను సన్నని రాగితీగతో నేసిరి. నేసిరి అన్న మాట అలంకారము కాదు. చిన్న చిన్న అయస్కాంతపు ఉంగరములు వరుసగా నుండును. తీగ ఉంగరము లోపలి నుండి పోయిన ఒకటి అని, ప్రక్కనుండి పోయిన సున్న అని అర్థము. పడుగులో పోగు పైకి పోయినదా క్రిందికి పోయినదా అన్నదే చీర మీది పువ్వును నిర్ణయించినట్లు, ఆ తీగ పోకయే యంత్రపు జ్ఞాపకమును నిర్ణయించెను. మసాచుసెట్సు రాష్ట్రము వాల్తాము పట్టణమునందలి రేథియాన్ కంపెనీలో ఈ పని చేసిన వారిలో చాలమంది ఆడువారు. బట్టల మిల్లులలోను, గడియారముల కార్ఖానాలోను చేయి తిరిగినవారు. ఎదురుబొదురుగా కూర్చుండి సూదిని ఆ ప్రక్కనుండి ఈ ప్రక్కకు అందించుకొనెడివారు. ఒక్క పోగు తప్పిన లెక్క తప్పును. ఆ లెక్క వ్రాసిన పండితులు వేరు. దానిని తప్పు లేకుండ నేసిన చేతులు వేరు. రెండును కలిసినప్పుడే నౌక చంద్రుని చేరినది.

తుంబాలో గుడి, బిషప్పుగారు, కలెక్టరుగారు

మన దేశములో ఈ కథ 1962లో మొదలైనది. హోమీ భాభా, విక్రమ్ సారాభాయి గారల పూనికతో అంతరిక్ష పరిశోధనకు ఒక జాతీయ సంఘము ఏర్పడినది. భూమి యొక్క అయస్కాంతమధ్యరేఖ తిరువనంతపురము చెంతనున్న తుంబా అను బెస్తపల్లె మీదుగా పోవుచున్నది గనుక అక్కడనే రాకెట్లు వదలవలెనని తేల్చిరి. తేల్చుట శాస్త్రజ్ఞుల వంతు. ఆ స్థలము ఇప్పించుట ఎవరి వంతు?

అక్కడ మేరీ మగ్దలీను పేర ఒక చర్చి గలదు. దాని చుట్టు బెస్తల ఇండ్లు. సారాభాయిగారు బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరా గారిని కలిసికొని అడిగిరి. బిషప్పుగారు తామొక్కరే సరే అనక, ఆదివారపు ప్రార్థనకు వచ్చిన జనుల ఎదుట విషయము పెట్టి, వారి సమ్మతి పొందిరి. జిల్లా కలెక్టరు కె. మాధవన్ నాయరు గారు భూములు సేకరించి, ఖాళీ చేసినవారికి వేరు చోటు చూపు పని జరిపించిరి. చర్చియే మొదటి కార్యశాల అయినది. బిషప్పుగారి ఇల్లు ఆఫీసు అయినది. 1963 నవంబరు 21వ తేదీన అక్కడినుండి మొదటి రాకెట్టు లేచినది. ఒక మతగురువు, ఒక కలెక్టరు, ఇండ్లు విడిచిన బెస్తలు, వీరిలో ఎవ్వరికిని రాకెట్టు విద్య తెలియదు. వీరు కాదన్నచో రాకెట్టు ఉండదు.

శ్రీహరికోట

తుంబా చిన్న రాకెట్లకు చాలును. ఉపగ్రహములను పంపు పెద్ద రాకెట్లను తూర్పుదిక్కుగా, సముద్రము మీదుగా వదలవలెను. భూమి పడమటి నుండి తూర్పునకు తిరుగును గనుక ఆ వేగము రాకెట్టుకు కలసివచ్చును. ఒకవేళ విఫలమైనను శకలములు నీటిలో పడును. ఇందుకై తూర్పుతీరమున చోటు వెదకు పని 1968లో సారాభాయిగారు ఇ.వి. చిట్నీస్ గారికి అప్పగించిరి. అప్పుడు ఆంధ్రప్రదేశ్ పరిశ్రమల డైరెక్టరుగా నుండినవారు ఆబిద్ హుస్సేన్ గారు. మన హైదరాబాదువారు, తరువాత అమెరికాలో భారత రాయబారిగా పనిచేసినవారు. ఆయన పటములు, వివరములు సేకరించి అందించి దారి చూపిరి. ఒక ఉత్తరమునకు సకాలములో సరియైన జవాబు వ్రాయుట ఎంత పని చేయునో ఆఫీసులలో నున్నవారికే తెలియును.

నాటి నెల్లూరు జిల్లాలో, నేడు తిరుపతి జిల్లాలో నున్న శ్రీహరికోట ఒక దీవి. తూర్పున బంగాళాఖాతము, పడమట పులికాటు సరస్సు. సూళ్ళూరుపేట రైలుస్టేషనులో దిగి సరస్సు మీది బాట వెంట పోవలెను. ఆ దీవి పూర్వము మద్రాసు పట్టణమునకు వంటచెరకు పంపిన అడవి. యానాదులు తేనె, దుంపలు, మూలికలు తెచ్చుకొని, చేపలు పట్టుకొని అక్కడ తరతరములుగా బ్రతికిరి. సుమారు 43,360 ఎకరముల నేల, 50 కిలోమీటర్ల సముద్రతీరము కేంద్రమునకు చేరినది. యానాదులును, ఇతర పల్లెలవారును తమ చోటు విడువవలసి వచ్చినది.

ఇక్కడ కొంచెము ఆగి మనవి చేయవలెను. రాకెట్టు చరిత్ర వ్రాయువారు మొదటి ప్రయోగము తేదీ వ్రాయుదురు. అది 1971 అక్టోబరు 9. అది మేమును వ్రాసితిమి. కాని ఆ తేదీకి ముందు ఎవరి పొయ్యి ఎక్కడినుండి ఎక్కడికి మారినదో ఆ వరుసయు చరిత్రలో చేరవలసినదే. ఊరు విడిచి వచ్చినవారము మనము. మనమైనను ఆ మాట మరువరాదు. అంతరిక్షమునకు శాస్త్రము తెలియకుండ ఇచ్చినవారిలో మొదటివారు వారే. వారి పిల్లలకు ఆ కేంద్రములో చేతిపని మాత్రమే గాక చదువు, ఉద్యోగము కూడ ఎంతవరకు అందినవను ప్రశ్న న్యాయమైన ప్రశ్న.

1979 ఆగస్టు 10వ తేదీన అక్కడినుండి వదలిన ఎస్.ఎల్.వి-3 సముద్రము పాలైనది. 1980 జూలై 18న మరల వదలినప్పుడు రోహిణి ఉపగ్రహము కక్ష్య చేరినది. ఈ రెండు తేదీల నడుమ నున్న పదునొకండు నెలలలో ఇంజనీర్లు తప్పు వెదకిరి. అది అందరికిని తెలియును. ఆ నెలలన్నియు జీతములు తప్పక అందవలెను, సామానుకు టెండర్లు పోవలెను, స్టోర్సులో ప్రతి మర సరియైన అంకె క్రింద ఉండవలెను, సముద్రపుగాలికి త్రుప్పు పట్టకుండ చూడవలెను, బస్సు వేళకు పోవలెను, క్యాంటీనులో అన్నము ఉడుకవలెను. ఇవి జరుగనిచో తప్పు వెదకువాడు కుర్చీలో కూర్చుండడు. మా రైల్వే అనుభవమున చెప్పుచున్నాము: వ్యాగనుకు అంటించు లేబులుపై స్టేషను పేరు తప్పు వ్రాసినచో, ఇంజను ఎంత గొప్పదైనను సరకును తప్పు ఊరికే చేర్చును.

తరువాత ఎన్నికల ప్రధాన కమిషనరుగా దేశమంతట పేరుమ్రోగిన టి.ఎన్. శేషన్ గారు కూడ 1970ల దశకమున అంతరిక్షశాఖలో ఫైళ్ళు నడిపినవారే. బెంగుళూరులో ఆపిల్ ఉపగ్రహమును పరీక్షించునప్పుడు ఇనుము తగలని చెక్కబండి కావలసివచ్చి ఎద్దులబండి మీద ఎక్కించిరి. ఆ బొమ్మను లోకమంతయు చూచినది. ఆ ఉపగ్రహము 1981 జూన్ 19న ఆకాశమునకు పోయినది. బండి తోలినవాడు ఎద్దులను అదిలించుకొని ఇంటికి పోయినాడు. అతని పేరు మాకు దొరకలేదు. కాని ఆ దినమున అతడును అంతరిక్ష ఉద్యోగియే.

పల్లెకు దిగిన ఉపగ్రహము

మా వాదమునకు అన్నిటికంటె గట్టి సాక్ష్యము 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు జరిగిన ఉపగ్రహ విద్యాటెలివిజన్ ప్రయోగము. అమెరికావారి ఏ.టి.ఎస్-6 ఉపగ్రహమును ఒక సంవత్సరము ఎరువు తెచ్చుకొని, ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 పల్లెలకు తిన్నగా టెలివిజను చూపిరి. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ఆ ఆరింటిలోనివి. మంత్రాలయము వద్ద తుంగభద్ర దాటినచో వచ్చు రాయచూరు జిల్లా పల్లెలు అందులో నుండెను. కరెంటు వచ్చి ఎన్నాళ్ళో కాని ఊళ్ళలో బడిముందరనో పంచాయితీ అరుగు మీదనో పెట్టె పెట్టి, పైన కోళ్ళగూటి వల వంటి జాలీతో చేసిన గొడుగు నిలిపిరి.

ఉపగ్రహము పైన నిలచినది. సరే. కాని దానిలో ఏమి చూపవలెను? ప్రత్తికి పట్టిన పురుగు సంగతి రైతునకు తన మాటలలో చెప్పువారెవరు? బిడ్డకు విరేచనములైనప్పుడు ఏమి చేయవలెనో తల్లికి బోధించువారెవరు? అందుకు తెలుగు వ్రాయువారు, కన్నడము వ్రాయువారు, నాటకములు ఆడువారు, బుర్రకథలు తెలిసినవారు కావలసివచ్చిరి. తెలుగు, కన్నడ కార్యక్రమములు హైదరాబాదులో తయారైనవి. ఉదయము బడిపిల్లలకు గంటన్నర, సాయంకాలము పెద్దలకు రెండున్నర గంటలు. సెలవులలో దాదాపు యాభైవేలమంది పంతుళ్ళకు ఈ పెట్టెల ద్వారానే శిక్షణ ఇచ్చిరి. పెట్టె తాళము తీయుటకు, వేళకు మ్రోగించుటకు ఊరూర ఒక మనిషి. చాలచోట్ల బడిపంతులే ఆ మనిషి.

అంతటితో ఆగలేదు. చూచినవారికి ఏమి అర్థమైనది, ఏమి కాలేదు అని తెలిసికొనుటకు మానవశాస్త్రము చదివినవారిని పల్లెలలో నెలల తరబడి కాపురముంచిరి. ఈ పనిలో బినోద్ అగర్వాల్ గారి పేరు ప్రసిద్ధము. యంత్రము నడచినదా లేదా అని ఇంజనీరు చెప్పగలడు. మనిషి మనస్సులో ఏమి నడచినదో చెప్పుటకు వేరు చదువు కావలెను. ఆకాశమున ఎంత ఎత్తున నిలచినను, ఉపగ్రహము విలువ చివరకు అరుగు మీద కూర్చున్న ముసలమ్మకు అర్థమైన మాటలోనే తేలును.

నేటి మాట

చరిత్ర చదువుట ముందుదారికి గదా. కనుక మన పిల్లల కొరకు నాలుగు మాటలు వ్రాసెదము. ఇస్రో కేంద్రములలో అసిస్టెంట్లు, జూనియర్ పర్సనల్ అసిస్టెంట్లు, స్టెనోగ్రాఫర్లు, గుమాస్తాలు గలరు. పరిపాలనాధికారులు, లెక్కల అధికారులు, కొనుగోలు-స్టోర్సు అధికారులు గలరు. గ్రంథాలయపువారు, నర్సులు, బడిపంతుళ్ళు, వంటవారు, డ్రైవర్లు, మంటలార్పువారు గలరు. అసిస్టెంటు వంటి కొలువులకు ఏ విషయములో డిగ్రీ పొందినను చాలును. కాని మంచి మార్కులు ఉండవలెను, వ్రాతపరీక్ష నెగ్గవలెను. పోటీ గట్టిది. సులభమని మేము చెప్పుట లేదు. ఉన్నదని మాత్రము చెప్పుచున్నాము.

ప్రకటనలు పత్రికలలోను, ఇస్రోవారి సొంత ప్రకటనలలోను వచ్చును. ఉద్యోగము ఇప్పింతుమని పైకము అడుగువారి మాట నమ్మరాదు.

న్యాయశాస్త్రమునకు కూడ ఇందు చోటు గలదు. ఆకాశము ఎవ్వరి సొత్తును కాదను ఒప్పందము 1967 నుండి దేశముల నడుమ అమలులో నున్నది. ఒకరి ఉపగ్రహము ఇంకొకరి నేలపై పడిన నష్టపరిహారమెవరిది అను తగవులు వకీళ్ళు తేల్చవలసినవి. హైదరాబాదులోని నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయమువారు అంతరిక్ష న్యాయము బోధించుచున్నారు. 2020 నుండి ప్రైవేటు కంపెనీలకును ఈ రంగము తెరచిరి గనుక, ఒప్పందములు వ్రాయువారు, భీమా చూచువారు, సరకు వేళకు చేర్చువారు, జనులకు అర్థమగునట్లు వార్త వ్రాయువారు ఇంకను ఎక్కువ కావలసివత్తురు.

ఒక్క హెచ్చరిక. శాస్త్రము రానివారు శాస్త్రమును లెక్కచేయనక్కరలేదని ఎవ్వరును అనుకొనరాదు. సోమప్పగారి సంఘములో లెక్క వ్రాసినవాడు నేయకపోయినను, ఏ నంబరు నూలుతో ఏ గుడ్డ వచ్చునో తెలిసియుండెను. తెలియనివాని లెక్క రెండవ దినమే తప్పును. అట్లే రాకెట్టు స్టోర్సులో కూర్చుండువాడు తాను పట్టుకొన్న వస్తువు ఎందుకో తెలిసికొనవలెను. తెలిసికొను కుతూహలమునకు డిగ్రీ అక్కరలేదు.

ముగింపు

హాలులో తలవంచుకొన్న కుర్రవాని సంగతి అడుగుదురేమో. వాడు బి.కాం. చదువుచున్నాడు. రాకెట్ల కొలువుకు పోవునో, బ్యాంకుకు పోవునో, మావలె రైల్వేకు వచ్చునో ఇంకను తేలలేదు. పోయిన సంవత్సరము మన సంఘపు జమాఖర్చులు వ్రాసినవాడు మాత్రము వాడే. మా కంట పడని మూడు వందల రూపాయల తేడాను వాడు ఒక్క సాయంకాలములో పట్టి ఇచ్చెను. ఆనాడు వాని తండ్రి ఏమియు అనలేదు గాని, పుస్తకము తిరుగవేసి రెండుమార్లు చూచుకొనెను.

తల్లిదండ్రులకు మా విన్నపము ఒక్కటే. లెక్కలు రాని బిడ్డను చూచి, వానికి ఆకాశము మూసిపోయినదని అనకుడు. గుమాస్తా పనికే అని విసరకుడు. ఆ పని చక్కగా చేయువాడు లేక ఎన్ని గొప్ప పనులు నిలచిపోయినవో చరిత్ర చెప్పుచున్నది. చీర కట్టుకొన్నవారు కండె చుట్టిన చేతిని చూడరు. అయినను ఆ చేయి చుట్టిన నూలే అంచు నుండి అంచు దాక పోయినది.

ఈ క్రొత్త సంవత్సరము మన పిల్లలకు వారి వారి కండె, వారి వారి మగ్గము దొరకించుగాక అని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.